కాలేజీ ఫుట్‌బాల్‌కి పంపాలా వద్దా: సైడ్‌లైన్ మీద 16 సీజన్లు నిలబడ్డవాడి మాట

టెక్సస్ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది, కాస్త కుదించి రాస్తున్నాను. "మా అబ్బాయి హైస్కూల్ సీనియర్. ఏడో తరగతి నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, లైన్‌బ్యాకర్. మెకానికల్ ఇంజినీరింగ్ చదవాలని ఉంది. వేరే రాష్ట్రంలో ఒక ఎఫ్‌సీఎస్ (డివిజన్ 1 ఫుట్‌బాల్‌లో రెండో అంచె) కాలేజీ సగం స్కాలర్‌షిప్ ఇస్తానంటోంది, కానీ అక్కడ మెకానికల్ లేదు. ఒక డివిజన్ 3 (ఆట స్థాయిల్లో కిందిది) కాలేజీ కోచ్ కూడా పిలుస్తున్నాడు, అక్కడ ఇంజినీరింగ్ చాలా బాగుంటుంది. ఇవేవీ కాకపోతే ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో మామూలుగా చేరతాడు. మేము ఇంకా హెచ్1 వర్క్ వీసా మీదే ఉన్నాం, వాడు హెచ్4 (డిపెండెంట్ వీసా). వాళ్ల నాన్న వద్దంటున్నారు, వీడు అన్నం మానేశాడు. ఏం చేయాలి?"

ముందు నా సంగతి. నేను అథ్లెటిక్ ట్రైనర్‌ని. ఇలా చెప్పగానే మనవాళ్లు జిమ్‌లో డంబెల్స్ ఎత్తించేవాడిని అనుకుంటారు. కాదండీ. ఆటగాడు మైదానంలో పడిపోతే సైడ్‌లైన్ నుంచి పరిగెత్తుకెళ్లేది మేమే. గుంటూరులో ఫిజియోథెరపీ చదివి ఇక్కడికి వచ్చి మాస్టర్స్ చేశాను. కాలేజీ టీముల దగ్గర 16 సీజన్లు పనిచేశాను. మా అమ్మకి ఇప్పటికీ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే. ఇక్కడి ఆట టీవీలో చూసి "ఇది కబడ్డీ కదరా, హెల్మెట్ పెట్టుకుని ఆడుతున్నారు" అంది. అంత తప్పేం కాదు.

సూటిగా నా జవాబు: ఎఫ్‌సీఎస్ ఆఫర్ వదిలేయండి. డివిజన్ 3 కాలేజీని సీరియస్‌గా చూడండి, కానీ కింద రాసిన విషయాలు కనుక్కున్నాకే. అవి కుదరకపోతే స్టేట్ యూనివర్సిటీయే మంచిది. వాడికి ఆట అంతగా ఇష్టమైతే అక్కడ ఫ్లాగ్ ఫుట్‌బాల్ (ఒకరినొకరు పడగొట్టకుండా ఆడేది) ఆడుకోవచ్చు.

దీనికి నేను వాడే కొలత ఒకటే. ఆగస్టులో క్యాంప్ మొదటి రోజే మోకాలు పోయి ఆట ఆగిపోయిందనుకోండి. అప్పుడు కూడా ఆ కాలేజీలో, ఆ కోర్సులో నాలుగేళ్లు ఉండాలని వాడు కోరుకుంటాడా? అవునంటే ఫుట్‌బాల్ గురించి ఆలోచించొచ్చు. కాదంటే ఆ స్కాలర్‌షిప్ చౌకగా వచ్చినట్టు కాదు, మీరే ఎదురు కడుతున్నట్టు. మెకానికల్ కావాలన్న పిల్లాడిని మెకానికల్ లేని కాలేజీకి సగం ఫీజు కోసం పంపడం నాకైతే అర్థం కాదు.

ఎన్ఎఫ్ఎల్, అంటే డబ్బుకి ఆడే ప్రొఫెషనల్ లీగ్, దాని మాట ఒక్క పేరాలో ముగిస్తాను. దేశం మొత్తం మీద హైస్కూల్లో దాదాపు 10 లక్షల మంది ఆడతారు. అందులో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలు నడిపే సంస్థ) కాలేజీల్లో ఏదో ఒక డివిజన్‌లో ఆడేది నూటికి ఏడుగురు. ఇక కొత్త ఆటగాళ్లని ఎంచుకునే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో ఏడాదికి పిలిచే పేర్లు 257 అటూ ఇటూ. యూసీఎల్‌ఏలో ఆడి ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిన బ్రాండన్ చిల్లర్ తండ్రి భారతీయుడు, కాబట్టి మనవాళ్లు లేరని కాదు. కానీ సగం స్కాలర్‌షిప్ దగ్గర మొదలుపెట్టి ఎన్ఎఫ్ఎల్ లెక్కలు వేయడం ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న చందమే. మీ అబ్బాయి ఆ లెక్క వేయడం లేదని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. మంచిది.

ఇక రిస్క్. అందరూ మోకాళ్ల గురించి అడుగుతారు, నేను తల గురించి చెప్తాను. మోకాలి ఏసీఎల్ తెగితే ఆపరేషన్, తొమ్మిది నెలలో ఏడాదో రీహాబ్. బాధే, కానీ దానికో దారి ఉంది. తలకి అలాంటి దారి లేదు.

హెల్మెట్ ఉంది కదా అని చాలామంది తండ్రులు నాతో అంటారు. స్టీల్ క్యారియర్‌లో గట్టి పెరుగు పెట్టుకుని బైక్ మీద గుంతల రోడ్డులో వెళ్లండి. ఇంటికి చేరాక క్యారియర్‌కి సొట్ట కూడా ఉండదు, మూత తీస్తే పెరుగు విరిగి నీళ్లు తేలి ఉంటుంది. హెల్మెట్ ఆ క్యారియర్ లాంటిది. పుర్రె పగలకుండా ఆపుతుంది. లోపల మెదడు కదలకుండా ఆపలేదు.

అందరూ కంకషన్లు, అంటే దెబ్బకి మెదడు అదిరిన సందర్భాలు, లెక్కపెడతారు. "మావాడికి ఒక్కటే అయింది, హైస్కూల్లో" అంటారు. కానీ పరిశోధనలు ఇప్పుడు చెప్తున్నది వేరు. సీటీఈ అనే మెదడు జబ్బు ఉంది, పదేపదే తలకు దెబ్బలు తగిలినవాళ్లకి వస్తుంది, మనిషి పోయాక మెదడు కోసి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. 631 మంది మాజీ ఆటగాళ్ల మెదళ్లు పరిశీలించి 2023లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. డాక్టర్లు గుర్తించిన కంకషన్ల సంఖ్యతో సీటీఈకి సంబంధం కనిపించలేదు. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలన్నీ కలిపితే వచ్చే మొత్తం బరువుతో కనిపించింది. అంటే ప్రాక్టీసులో, ఎవరూ విజిల్ వేయని, వాడు కూడా మర్చిపోయే చిన్న చిన్న గుద్దులు. 2019లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో లెక్క చెప్పారు: ట్యాకిల్ ఫుట్‌బాల్ (ఎదుటివాడిని పట్టి పడగొట్టే మామూలు ఆట) ఆడే ప్రతి 2.6 ఏళ్లకి సీటీఈ వచ్చే అవకాశం రెట్టింపవుతుందని.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 2017లో వాళ్లు ప్రచురించిన జాబితాలో 53 మంది కాలేజీ ఆటగాళ్లలో 48 మందికి సీటీఈ ఉంది. ఇది వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, "కాలేజీలో ఆడితే నూటికి 91 మందికి మెదడు పోతుంది" అని. అది తప్పు. ఆ మెదళ్లు ఎక్కువగా మనిషిలో ఏదో తేడా గమనించిన కుటుంబాలు దానం చేసినవి. అందరు ఆటగాళ్ల లెక్క అది కాదు. మీ భర్తగారు ఆ మెసేజ్ చూసే భయపడి ఉంటే కొంచెం నిమ్మళించమనండి. కానీ పూర్తిగా నిమ్మళించొద్దనండి.

మీవాడి విషయంలో లెక్క ఇది. ఏడో తరగతి నుంచి అంటే ఇప్పటికే ఆరు సీజన్లు. లైన్‌బ్యాకర్ అంటే దాదాపు ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరికి ఎదురెళ్లే పొజిషన్, కికర్ లాగా పక్కన నిలబడేది కాదు. ఇంకో నాలుగు సీజన్లు ఆడితే బోస్టన్ లెక్క ప్రకారం ఇప్పుడున్న రిస్క్ రెట్టింపు దాటుతుంది. ఎంత నుంచి రెట్టింపు అని అడిగితే ఈరోజు ఏ డాక్టరూ ఒక అంకె చెప్పలేడు. అందుకే నేను "ఆడొచ్చా" అన్న ప్రశ్న కంటే "ఎన్నేళ్లు, వారానికి ఎన్ని గుద్దులు" అన్న ప్రశ్న ముందు వేస్తాను. ఈ రెండోది కాలేజీని బట్టి మారుతుంది. ఐవీ లీగ్ కాలేజీలు 2016లో సీజన్ మధ్య ప్రాక్టీసుల్లో నిలువునా పడగొట్టే ట్యాకిలింగ్ ఆపేశాయి. డార్ట్‌మత్ కోచ్ బడ్డీ టీవెన్స్ 2010 నుంచే ఆపేసి, మనుషుల బదులు బొమ్మల మీద ట్యాకిల్ చేయించాడు. టీమేమీ చెడిపోలేదు, గెలిచారు కూడా.

ఒకటి కళ్లారా చూసింది చెప్తాను. సేఫ్టీ అనే పొజిషన్‌లో ఆడే ఒక కుర్రాడు, రెండో క్వార్టర్‌లో గట్టిగా ఢీకొన్నాడు. లేచి వచ్చాడు, నవ్వుతున్నాడు. నేను అడిగేవన్నీ అడిగాను. ఏ స్టేడియం, స్కోరెంత, పోయిన వారం ఎవరితో ఆడాం. అన్నీ టకటకా చెప్పాడు. "నేను బాగానే ఉన్నా, వదిలేయ్" అన్నాడు. సరే, బెంచీ మీద కూర్చో అని పక్కకి తిరిగాను. కాసేపటికి చూస్తే వంగి షూ లేసు కట్టుకుంటున్నాడు. కట్టాడు. విప్పాడు. మళ్లీ కట్టాడు. మూడోసారి కూడా అదే షూకి. హెల్మెట్ తీసుకెళ్లి మా టేబుల్ కింద దాచేశాను. అతను ఆ సీజన్ మళ్లీ ఆడలేదు. ఐదు నెలలు లైట్ పడలేదు, లాప్‌టాప్ తెర చూస్తే వాంతి. ఆ సెమిస్టర్‌లో రెండు కోర్సులు వదిలేశాడు. ఇంకో సంగతి తర్వాత తెలిసింది. సీజన్ ముందు తీసే బేస్‌లైన్ కంప్యూటర్ పరీక్షని కావాలనే తప్పులు చేసి రాశాడట, తర్వాత దెబ్బ తగిలినా స్కోరులో తేడా కనపడకుండా. సీనియర్లే నేర్పుతారు. మీవాడితో ముందుగా మాట్లాడాల్సింది ఇదే. దెబ్బ దాచిపెట్టి ఆడితే, మెదడు కోలుకోకముందే ఇంకోటి తగిలితే గోరుచుట్టు మీద రోకటిపోటే. చాలా అరుదుగానైనా కుర్రవాళ్లు అలా ప్రాణాలే పోగొట్టుకున్నారు.

రెండో రిస్క్ ఎండ. గుంటూరు రోళ్లు పగిలే ఎండలు చూసినవాళ్లం మనకి ఇదొక లెక్కా అనుకుంటాం. ఒంటి మీద ప్యాడ్లు, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని ఆగస్టులో స్ప్రింట్లు తీయడం వేరు. 2018లో మేరీల్యాండ్ యూనివర్సిటీ ఆటగాడు జోర్డన్ మెక్‌నేర్, 19 ఏళ్ల కుర్రాడు, మే 29న వర్కౌట్‌లో వడదెబ్బ తగిలి జూన్ 13న చనిపోయాడు. చల్లటి నీళ్ల టబ్బులో ముంచలేదని తర్వాత విచారణలో బయటపడింది. మా వృత్తిలో దీనికి ఒకటే సూత్రం, ముందు చల్లార్చు, తర్వాత ఆసుపత్రికి పంపు. మైదానం పక్కన ఐస్ నీళ్ల టబ్బు సిద్ధంగా ఉండాలి, శరీరం లోపలి వేడిని మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడాలి. నుదుటి మీద పెట్టే థర్మామీటర్ దీనికి పనికిరాదు. కాలేజీకి వెళ్లినప్పుడు కోచ్ మీకు లాకర్ రూమ్ లైట్లు, వంద అంగుళాల టీవీలు చూపిస్తాడు. మీరు "ఐస్ టబ్బు ఎక్కడ పెడతారు" అని అడగండి. మొహంలో మారే రంగు చూస్తే మీకే తెలుస్తుంది.

దీనికి దగ్గర విషయం సికిల్ సెల్ ట్రెయిట్, రక్తకణాలకి సంబంధించి పుట్టుకతో వచ్చే లక్షణం. ఇది నల్లజాతి వాళ్లకే వస్తుందని మనవాళ్ల అపోహ. మన దేశంలోనూ ఉంది, తెలంగాణ, ఆంధ్ర గిరిజన ప్రాంతాల్లో మరీ. మామూలు జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు, ఆపకుండా పరిగెత్తించే కఠినమైన డ్రిల్స్‌లో ప్రాణం మీదకి వస్తుంది. రైస్ యూనివర్సిటీలో 2006లో ఒక ఆటగాడు ఇలాగే పోయాక ఎన్‌సీఏఏ పరీక్షల మీద పట్టుబట్టింది. మీవాడిది అమెరికాలో పుట్టుక కాదు కాబట్టి ఇక్కడి నవజాత శిశు పరీక్ష రిపోర్టు ఉండదు. ఒక రక్త పరీక్ష చేయించండి. పనిలో పనిగా ఈసీజీ కూడా తీయించండి.

మూడోది ఎవరూ చెప్పరు, మనవాళ్లకి మాత్రం చాలా ముఖ్యం. బరువు. హైస్కూల్లో 195 పౌండ్లున్న లైన్‌బ్యాకర్‌ని కాలేజీ కోచ్ 220 చేయమంటాడు. రాత్రి పదకొండింటికి పీనట్ బటర్ శాండ్‌విచ్‌లు తినిపిస్తారు. ఆడినన్నాళ్లూ అది కండే. ఆట ఆగిన రోజున ఆకలి ఆగదు. మన ఒంటికి షుగర్ త్వరగా వస్తుంది. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ మిగతావాళ్లకి బీఎంఐ 25 దగ్గర స్క్రీనింగ్ మొదలుపెట్టమంటే, ఆసియా మూలాలవాళ్లకి 23 దగ్గరే మొదలుపెట్టమంటుంది. మీ ఇంట్లో తాతలకి, నాన్నకి షుగర్ ఉందా? ఉంటే ఇది కంకషన్ కంటే ఖాయంగా ఎదురయ్యే సమస్య. ఆట మానేశాక బరువు దింపే ప్లాన్ ఉన్న కాలేజీలు చాలా తక్కువ.

ఇప్పుడు డబ్బు. ఇక్కడే మీ హెచ్4 విషయం వస్తుంది. 2021 జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు, దాన్ని ఎన్ఐఎల్ అంటారు. 2025 జూన్‌లో హౌస్ అనే ఆటగాడి పేరు మీద నడిచిన కేసులో సెటిల్‌మెంట్ వచ్చాక కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి పంచొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి 2.05 కోట్ల డాలర్ల వరకు. పేపర్లో కనిపించే లక్షల డాలర్లు ఇవే, వెళ్లేది పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీ లీగుల) క్వార్టర్‌బ్యాక్‌లకి. చిన్న కాలేజీ లైన్‌బ్యాకర్‌కి ఊళ్లో పిజ్జా షాపు వాడు ఉచిత పిజ్జా ఇస్తే గొప్ప. అదైనా మీవాడికి చిక్కే. హెచ్4 మీద పని చేసి సంపాదించకూడదు, 21 నిండాక గ్రీన్‌కార్డ్ రాకపోతే ఎఫ్1కి మారినా క్యాంపస్ బయట పనికి ఆంక్షలే. స్నేహితుడి మాట విని ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకి వంద డాలర్లు తీసుకుని స్టేటస్ మీదకి తెచ్చుకోవద్దు. ఇమ్మిగ్రేషన్ లాయర్ చూడందే ఏ కాగితం మీదా సంతకం వద్దు. స్కాలర్‌షిప్ తీసుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు. కాకపోతే ట్యూషన్, పుస్తకాలు పోగా హాస్టల్‌కి, తిండికి ఇచ్చే భాగం మీద పన్ను పడుతుంది.

డివిజన్ 3లో ఆట స్కాలర్‌షిప్ అసలు ఉండదు, ఇది నియమం. చదువు మీద ఇచ్చే మెరిట్ డబ్బు ఉంటుంది. హెచ్4 పిల్లలకి ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం రాదు కాబట్టి కాలేజీ సొంతంగా ఎంత ఇస్తుందో అడ్మిషన్స్ ఆఫీసు నుంచి కాగితం మీద తీసుకోండి. "ప్యాకేజీ నేను చూసుకుంటా" అన్న కోచ్ మాట మీద ఇల్లు కట్టొద్దు.

మరి లాభమేంటి, ఇన్ని చెప్పి డివిజన్ 3 ఎందుకు చూడమన్నాను అంటారా. ఎంఐటీ, జాన్స్ హాప్‌కిన్స్, కార్నెగీ మెలన్, షికాగో యూనివర్సిటీ, ఇవన్నీ డివిజన్ 3 ఫుట్‌బాల్ ఆడేవే. ఇలాంటి చోట్ల చాలావరకు కోచ్ ఒక పిల్లాడి కోసం అడ్మిషన్స్‌తో మాట్లాడితే ఆ దరఖాస్తుని ఇంకో కన్నుతో చూస్తారు. సీటు ఖాయం అని కాదు. కానీ అదే మార్కులున్న మనవాళ్ల పిల్లలు, అదే రోబోటిక్స్ క్లబ్బు, అదే భరతనాట్యం అరంగేట్రం ఉన్న వేలమంది మధ్యలో మీవాడి ఫైలు వేరుగా కనపడుతుంది. నా దృష్టిలో మీవాడికి ఫుట్‌బాల్ ఇచ్చే అసలు బహుమతి అదే, అది ఆట మొదలుకాకముందే చేతికొస్తుంది. ఆట స్కాలర్‌షిప్ లేదు కాబట్టి రెండో ఏడాది వద్దనుకుంటే పోయేదీ లేదు, జెర్సీ తిరిగిచ్చి క్లాసుకి వెళ్లిపోవచ్చు. స్కాలర్‌షిప్ మీద ఆడేవాడికి ఆ స్వేచ్ఛ తక్కువ, నొప్పున్నా నోరు మూసుకునేది అందుకే.

నేను చూసిన పిల్లల్లో ఇంకొకటి గమనించాను. ఉదయం ఐదింటికి చీలమండలకి టేప్ వేయించుకోవడానికి నా టేబుల్ ముందు లైన్లో నిలబడి కెమిస్ట్రీ నోట్స్ చదివినవాళ్లు తర్వాత ఉద్యోగాల్లో బాగానే నిలబడ్డారు. మొదటి ఉద్యోగం చాలామందికి పాత టీమ్‌మేట్ ఫోన్ వల్లే వచ్చింది. ఇదంతా ఆట గొప్పా, లేక అలాంటి పిల్లలే ఆటకి వస్తారా అంటే, సగం సగం అనుకుంటాను. డివిజన్ 1, 2లకి ఉన్న, సీజన్‌లో వారానికి 20 గంటలే అన్న ఎన్‌సీఏఏ నియమం మాత్రం నమ్మొద్దు. ప్రయాణాలు, చికిత్స ఆ లెక్కలోకి రావు. మెకానికల్ ల్యాబ్‌లు మధ్యాహ్నం పూట, ప్రాక్టీసూ మధ్యాహ్నం పూటే. రెండూ ఢీకొంటే ఏది గెలుస్తుందో ఆ టీములోనే ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడిని విడిగా పిలిచి అడగండి. అలాంటివాడు టీములో ఒక్కడూ లేకపోతే అదే జవాబు.

వెళ్లినప్పుడు మరచిపోకుండా అడగాల్సినవి. అథ్లెటిక్ ట్రైనర్‌ని ఉద్యోగంలో పెట్టేది, తీసేది ఎవరు? హెడ్ కోచ్ అయితే లేచి వచ్చేయండి. ఆటగాడు మళ్లీ దిగొచ్చా లేదా అన్న నిర్ణయం వైద్య సిబ్బందిదే అయి ఉండాలి. డివిజన్ 3లో సిబ్బంది తక్కువ, ఒక్క ట్రైనర్ నాలుగు ఆటలు చూస్తుంటాడు, కాబట్టి ప్రతి ప్రాక్టీసుకీ మనిషి ఉంటాడా అని అడగాలి. వారానికి ఎన్ని రోజులు పూర్తి ట్యాకిలింగ్ చేస్తారు? పోయిన సీజన్ ఎంతమంది కంకషన్‌తో కూర్చున్నారు? ఇక్కడ ఒక తిరకాసు ఉంది, సున్నా అని చెప్పే కాలేజీని నేను అస్సలు నమ్మను. ఆరేడుగురు అని చెప్పి, ఒక్కొక్కరు ఎన్ని రోజులకి తిరిగొచ్చారో చెప్పగలిగినవాడు పని సరిగ్గా చేస్తున్నట్టు.

ఇన్సూరెన్స్ కూడా చూడండి. చాలా కాలేజీల్లో ముందు మీ సొంత ఇన్సూరెన్స్ కట్టాలి, మిగిలింది కాలేజీది. 2024 ఆగస్టు నుంచి ఎన్‌సీఏఏ ఆట ముగిశాక కూడా రెండేళ్ల వరకు ఆటలో తగిలిన గాయాలకి కవరేజ్ ఇస్తోంది. రెండేళ్లు మోకాలికి సరిపోతుంది. తలకి సరిపోదు. ఆటగాడిని ఉద్యోగి అనరు కాబట్టి మైదానంలో పడ్డా కార్మికుల నష్టపరిహారం చట్టం వర్తించదు. 1955లో కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు తలకి దెబ్బ తగిలి చనిపోతే, అతని భార్యకి పరిహారం రాలేదు, ఇదే వాదనతో. నియమాలు ఎన్ని మారినా ఆ మాట ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

అన్నం మానేసిన సంగతికి వస్తే, వాళ్ల నాన్నగారు "వద్దు" అన్నంత మాత్రాన ఈ వయసు పిల్లాడు వినడు. తండ్రీకొడుకులిద్దరినీ కలిపి ఆ డివిజన్ 3 కాలేజీకి పంపండి. ఆట ఉన్న శనివారం కాదు, మామూలు మంగళవారం ప్రాక్టీసుకి. మైదానం అంచున నిలబడి ఆ గుద్దుల చప్పుడు దగ్గర నుంచి వినమనండి. టీవీలో అది వినపడదు. వచ్చాక ఏమనుకున్నారో ఇక్కడే రాయండి, ఆ ట్రైనర్ చెప్పిన జవాబులు కూడా పెడితే చూసి చెప్తాను. రక్త పరీక్ష మాత్రం ఆ లోపే చేయించండి.